హెడ్‌ఫోన్లు: రిపేర్ బల్ల దగ్గర రోజూ వినే అపోహలు, విప్పి చూస్తే కనిపించే వాస్తవాలు

పోయిన వారం ఒక కుర్రాడు ఓపెన్‌బ్యాక్, అంటే కప్పు వెనక జాలీ ఉండి గాలి ఆడే హెడ్‌ఫోన్‌ని తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు. “అన్నా, కుడి డ్రైవర్ చినిగిపోయింది. బేస్ వచ్చినప్పుడల్లా జుర్రుమంటోంది. కొత్తదానికి ఎంతైతది?” అన్నాడు. మొహంలో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ప్యాడ్ ఊడదీసి, దాని కింద ఉండే పల్చటి స్పాంజి బిళ్ల తీసి, టార్చి వేసి చూశాను. డ్రైవర్ అంటే లోపల మోగే చిన్న స్పీకర్, దాని పొర మీద ఒక వెంట్రుక ఉంది. ఒక కొస జాలీలో ఇరుక్కుంది, రెండో కొస పొరను తాకుతోంది. పొర కదిలినప్పుడల్లా ఆ కొస కొట్టుకుంటోంది, అదీ జుర్రు. పట్టకారుతో లాగేశాను, రెండు నిమిషాలు పట్టింది. డబ్బులు తీసుకోలేదు, టీ మాత్రం తాగాను.

ఈ పనిలోకి రాకముందు కొన్నేళ్లు డబ్బింగ్ స్టూడియోలో రికార్డింగ్ చూసుకున్నాను. కొనేవాళ్లు చెప్పే మాటలకూ, లోపల విప్పితే కనిపించేదానికీ చాలాసార్లు పొంతన ఉండదు. ఎక్కువగా వినపడే వాటి గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ధర పెరిగేకొద్దీ సౌండ్ బాగుంటుంది

2017లో జెరూన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌ని, అంటే బేస్ నుంచి సన్నటి శబ్దాల దాకా దేన్ని ఎంత గట్టిగా వినిపిస్తున్నాయనేదాన్ని, వాటి ధరల పక్కన పెట్టి చూశాడు. రెండింటికీ సంబంధమే కనబడలేదు. సౌండ్ మంచిచెడ్డలు తేల్చడంలో పెద్ద వాటా ఆ రెస్పాన్స్‌దే.

సోనీ ఎండీఆర్-7506 వచ్చింది 1991లో. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వచ్చింది 1997లో. ఆ తర్వాత వాటికి ఎన్నో రెట్లు ధరతో ఎన్నో వచ్చాయి, పోయాయి. ఈ రెండూ ఇప్పటికీ పని చేసుకునేవాళ్ల మెడల్లో వేలాడుతూనే ఉన్నాయి. పై డబ్బంతా దేనికంటే చెక్కకి, తోలుకి, తక్కువ సంఖ్యలో తయారు చేయడానికి, మన దగ్గరైతే దిగుమతి సుంకానికి, డీలర్ లాభానికి. అవి వద్దని కాదు, ఇష్టపడి కొనుక్కోవచ్చు. సౌండ్ కోసమే పెట్టామని మాత్రం అనుకోవద్దు.

అపోహ: షాపులో రెండూ పెట్టుకుని వింటే ఏది మంచిదో తెలిసిపోతుంది

అన్నిటికన్నా ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఒకే ఫోన్, ఒకే వాల్యూమ్, రెండు హెడ్‌ఫోన్లు. ఒకటి కాస్త గట్టిగా మోగుతుంది. తేడా ఒకటి రెండు డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) మాత్రమే అయితే మన బుర్రకు ‘ఇది గట్టిగా ఉంది’ అని తట్టదు. ‘ఇది క్లియర్‌గా ఉంది, నిండుగా ఉంది’ అని తడుతుంది. పైగా సౌండ్ తగ్గినప్పుడు చెవికి బేస్ ఇంకా తక్కువగా వినపడుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. అంటే నెమ్మదిగా మోగే హెడ్‌ఫోన్ పరీక్ష మొదలవకముందే ఓడిపోయింది.

నా దగ్గర దీనికో నాటు పద్ధతి ఉంది. మందపాటి అట్టముక్కకు చిన్న చిల్లు పెడతాను. ఫోన్ మైకు సరిగ్గా ఆ చిల్లు వెనక ఉండేలా టేపు వేస్తాను. హెడ్‌ఫోన్ కప్పును అట్టకు ఆనించి, రేడియో సరిగ్గా పట్టనప్పుడు వచ్చే హోరులాంటి శబ్దం ప్లే చేసి, ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్‌లో అంకె చూస్తాను. రెండో హెడ్‌ఫోన్ కూడా అదే అంకె దగ్గరికి వచ్చేదాకా వాల్యూమ్ సరిచేసి, అప్పుడు పాట వేస్తాను. ల్యాబ్ కొలత కాదిది. కానీ రెండు డెసిబెల్స్ మోసం పట్టుకోవడానికి చాలు. అంతకుముందు ‘భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా’ అన్నవాళ్లు ఆ తర్వాత కాసేపు మాట్లాడరు.

ఇక కళ్లు చేసే మోసం వేరే. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు ఒకే మనుషులకు ఒకే స్పీకర్లను ఒకసారి తెర వెనక పెట్టి, ఇంకోసారి కనిపించేలా పెట్టి వినిపించారు. కనిపించేసరికి మార్కులు మారిపోయాయి. స్పీకర్లకు జరిగింది హెడ్‌ఫోన్లకు జరగదని ఎలా అనుకుంటాం? మనకు అంత హంగు అక్కర్లేదు, కళ్లు మూసుకుని తమ్ముడినో చెల్లెలినో మార్చి పెట్టమంటే చాలు. బరువును బట్టి ఏది ఏదో తెలిసిపోవచ్చు, అయినా లోగో చూస్తూ వినడం కన్నా నయమే.

మూడోది సీల్. క్లోజ్డ్‌బ్యాక్, అంటే కప్పు వెనక మూసి ఉండే హెడ్‌ఫోన్‌లో ప్యాడ్ చెవి చుట్టూ గాలి చొరకుండా కూర్చుంటేనే అడుగు బేస్ నిలుస్తుంది. కళ్లజోడు కాడ, పెద్ద దుద్దులు, ఒత్తైన జుట్టు, వీటిలో ఏది అడ్డొచ్చినా బేస్ సందులోంచి జారిపోతుంది. పాట నడుస్తుండగా రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా నొక్కి చూడండి. బేస్ అమాంతం పెరిగిందంటే సీల్ లేదన్నమాట. అలాంటప్పుడు హెడ్‌ఫోన్‌కి మార్కులు వేయకండి. మీ తలకు అది సరిపోదంతే.

ఇంతకీ ఏం వినాలి? డెమో కోసం తయారు చేసిన ట్రాక్‌లు నేను వినను, అవి దేని మీదైనా బాగానే ఉంటాయి. ముందు తెలుగు వార్తలు పెడతాను. డబ్బింగ్ గదిలో అబ్బిన అలవాటు. స, శ, ష అనే మూడు అక్షరాలూ దేనికవి విడిగా వినపడాలి, సూదిలా గుచ్చకూడదు. ఐదు నుంచి తొమ్మిది వేల హెర్ట్జ్ మధ్య ఎక్కడైనా ఎత్తు ఉంటే ‘స’ మీద వెంటనే దొరికిపోతుంది. ఆ గొంతు సరిగ్గా నుదుటి మధ్యలో నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితే రెండు డ్రైవర్లూ సమానంగా లేవు, లేదా ఒక ప్యాడ్ నలిగిపోయింది. ఆ తర్వాత మృదంగం. ఎడమ పక్క గుమ్మన్న మోత దేనికది విడిగా పుట్టి ఆగిపోతోందా, ఒకదాని మీద ఒకటి పడి ముద్దైపోతోందా అని చూస్తాను. బేస్ ఎంత ఉందనే దానికన్నా నాకు ఇదే ముఖ్యం.

అపోహ: వంద గంటలు ఆడిస్తేనే అసలు సౌండ్ బయటికొస్తుంది

కొత్త చెప్పులు కాలికి అలవాటైనట్టు చెవులు అలవాటు పడతాయి, ప్యాడ్లు కాస్త మెత్తబడి దగ్గరగా కూర్చుంటాయి. జరిగేది చాలావరకు అదే. కప్పును ఒక అరసెంటీమీటరు ముందుకు జరిపితే వచ్చే మార్పు, వంద గంటలు ఆడిస్తే డ్రైవర్‌లో వచ్చేదానికన్నా ఎక్కువ. ఇంకోటి, ‘వంద గంటలు ఆడించండి’ అని అమ్మినవాడు చెప్తే ముందు వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకోండి.

అపోహ: ఓమ్స్ ఎక్కువుంటే క్వాలిటీ ఎక్కువ, ఆంప్ (యాంప్లిఫయర్) లేనిదే పలకదు

బేయర్‌డైనమిక్ డీటీ 990 ఒక్కటే 32, 250, 600 ఓమ్స్‌లో వచ్చింది. 600ది కొన్నవాళ్లు కాస్త గొప్పగా చెప్పుకుంటారు. ఓమ్స్ అంటే నిరోధం మాత్రమే. ఎంత గట్టిగా మోగుతుందో తెలియాలంటే సెన్సిటివిటీ, అంటే ఇంత వోల్టేజీకో ఇంత పవర్‌కో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందనేది కూడా కావాలి.

రెండు హెడ్‌ఫోన్లు తీసుకుందాం. సెన్‌హైజర్ హెచ్‌డీ 650కి 300 ఓమ్స్. ఒక వోల్ట్ ఇస్తే 103 డెసిబెల్స్ అని కంపెనీ లెక్క. హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6కి 50 ఓమ్స్. ఒక మిల్లీవాట్‌కు 83.5 డెసిబెల్స్. దానికీ అదే ఒక వోల్ట్ ఇస్తే 20 మిల్లీవాట్లు వెళ్తాయి, పవర్ ఇరవై రెట్లైతే 13 డెసిబెల్స్ పెరుగుతుంది కాబట్టి అన్నీ కలిసి సుమారు 96.5. ఓమ్స్ ఆరో వంతే ఉన్నది నెమ్మదిగా మోగుతోంది, పైగా ఆరు రెట్లు కరెంటు లాగుతోంది. 300 ఓమ్స్ అనగానే హడలిపోయి పదిహేను వేల ఆంప్ కొనేవాళ్లు, 50 ఓమ్సే కదా అని ఫోన్‌కు తగిలించి ఉసూరుమనేవాళ్లు, రెండు రకాలూ నా బల్ల దగ్గరికి వస్తారు.

ఆంప్‌కి పని లేదని కాదు. హెచ్‌డీ 600 లాంటి వాటి నిరోధం బేస్ దగ్గర ఇంకా పైకి వెళ్తుంది. అవతల ఆంప్ అవుట్‌పుట్ నిరోధం ఎక్కువైతే అక్కడ బేస్ ఉబ్బుతుంది. కొందరికి ఆ ఉబ్బే తియ్యగా ఉంటుంది. గాజు వాల్వులతో నడిచే ఆంప్‌ల గురించి ‘ట్యూబ్ ఆంప్ మహిమ’ అంటే చాలాసార్లు ఇదే.

అపోహ: డబ్బా మీద 40 కిలోహెర్ట్జ్, హై-రెస్ స్టిక్కర్ ఉంటే ఎక్కువ వివరం వినిపిస్తుంది

మనిషి చెవి వినేది 20 కిలోహెర్ట్జ్ వరకు, అదీ చిన్న వయసులో. మేయర్, మొరాన్ అనే ఇద్దరు 2007లో ఎస్‌ఏసీడీ (సీడీ కన్నా ఎక్కువ వివరం పట్టే హై-రెస్ డిస్క్) శబ్దాన్ని మామూలు సీడీ స్థాయికి కుదించి, రెండింటినీ మార్చి మార్చి వినిపించారు. విన్నవాళ్లు 554 సార్లలో 276 సార్లు ఏది ఏదో సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది.

వెండి తీగల కేబుల్ గురించి కూడా అడుగుతుంటారు. తెగని కేబుల్ మంచి కేబుల్.

అపోహ: బరువుగా, లోహంతో ఉంటే గట్టిది

కొనేటప్పుడు చేతిలో బరువు బాగుంటుంది. నెత్తి మీద గంట తర్వాత బాగుండదు. ఆడీజ్ ఎల్‌సీడీ-2 లాంటివి అరకిలో దాటతాయి, హెచ్‌డీ 600 సుమారు 260 గ్రాములే. అది ప్లాస్టిక్‌దని చులకనగా చూస్తారు గానీ, స్క్రూడ్రైవర్ లేకుండా చేత్తోనే దాన్ని చాలావరకు విప్పి మళ్లీ బిగించవచ్చు. ప్యాడ్, కేబుల్, హెడ్‌బ్యాండ్ దిండు, దేనికది విడిగా దొరుకుతుంది. నా దృష్టిలో బిల్డ్ అంటే ఇదీ.

నా దగ్గరికి వచ్చేవాటిలో డ్రైవర్ పోయినవి తక్కువ. జాక్ మెడ దగ్గర తీగ తెగినవి, మడతబందు విరిగినవి, ప్యాడ్లు పొలుసులు రాలేవి ఎక్కువ. ఆ పొలుసులకు చెమటా ఉక్కపోతా కారణం. పీయూ తోలు, అంటే ప్లాస్టిక్‌తో చేసిన నకిలీ తోలు, తేమకు విడిపోతుంది, వాడకుండా బీరువాలో పెట్టినా ఆగదు. విశాఖలో ఉండేవాళ్లు తెచ్చేవాటిలో జాక్ పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. కొబ్బరినూనె మరో సంగతి. తలకు నూనె రాసుకుని వెల్వెట్ ప్యాడ్లు పెట్టుకుంటే రెండు నెలలకు అవి జిడ్డు పట్టి గట్టిపడతాయి, సీల్ పోతుంది, దాంతో సౌండ్ కూడా మారుతుంది. ప్యాడ్లు ఊడదీసి, సబ్బునీళ్లలో జాడించి, నీడన ఆరేస్తే చాలావరకు తేరుకుంటాయి. ఒకావిడ అవి ఆరకముందే తొడిగేసి, డ్రైవర్ మీద నీటిచుక్కలతో తీసుకొచ్చారు.

షాపులో చేత్తో చూడాల్సినవి కొన్నే. హెడ్‌బ్యాండ్‌ని రెండు చేతులా కాస్త విప్పి వదలండి, కిర్రుమందా? కప్పును పట్టుకున్న కమాను దగ్గర స్క్రూ ఉందా, జిగురా? కేబుల్ ఊడి వస్తుందా? వస్తే ఆ సాకెట్ మామూలు బజారు కేబుల్‌ను తీసుకుంటుందా, లేక గాడి పెట్టి కంపెనీదే దూరేలా చేశారా? ప్యాడ్ ఒకసారి ఊడదీసి మళ్లీ పెట్టి చూపించమనండి. అమ్మేవాడు తడుముకుంటే ఏడాది తర్వాత మీరూ తడుముకుంటారు.

నా బల్ల కింద ఇప్పుడు నలభై వేల హెడ్‌ఫోన్ ఒకటి ఉంది. అల్యూమినియం కప్పులు, కుట్టిన తోలు, చూడముచ్చటగా ఉంటుంది. లోపల కమాను పుల్ల ప్లాస్టిక్, అది విరిగింది. జిగురుతో అతికించిన చోటు కాబట్టి విప్పే దారి లేదు, విడిభాగం అమ్మరట. డ్రైవర్లు రెండూ నిక్షేపంలా ఉన్నాయి. యజమాని ఫోన్ చేసినప్పుడల్లా ఇంకో వారం అంటున్నాను, సైకిల్ చువ్వను వంచి ఏదో ప్రయత్నం చేస్తున్నాను.