ఇంటి ఆస్తి, పిల్లల భవిష్యత్తు: అపోహలు - వాస్తవాలు

ఇంటింటికీ తిరిగి ఆస్తి, అప్పుల వివరాలు రాసుకోవడం నా ఉద్యోగం. భూమి ఎంత, ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, బంగారం ఎంత, అందులో కుదవలో ఉన్నదెంత, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, వడ్డీ ఎంత అని వరసగా అడుగుతాం. జనం జవాబులతో ఆగరు, తమ అభిప్రాయాలూ చెబుతారు. వాటిలో ఎక్కువగా వినబడేవి, మా లెక్కల ముందు నిలబడనివి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: జీతం ఒకటే అయితే ఇద్దరూ సమానమే.

వాస్తవం: హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో చెరో 40 వేలు తెచ్చుకునే ఇద్దరు కుర్రాళ్ళను తీసుకోండి. ఒకరికి సొంతిల్లు ఉంది, అమ్మానాన్నలకు పంపాల్సిన పని లేదు. రెండోవాడి చదువు కోసం నాన్న రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చాడు. నెలకి 6 వేలు వడ్డీకే పోతాయి. ఐదేళ్ళు కట్టినా పోయేది వడ్డీ కింద 3 లక్షల 60 వేలు, అసలు 3 లక్షలూ అలాగే ఉంటాయి. పైగా రూం అద్దె, ఊరికి పంపే డబ్బు. ఆ ఐదేళ్ళలో మొదటివాడు ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టేస్తాడు. ఆదాయం మాత్రమే అడిగే సర్వేలో వీళ్ళిద్దరూ ఒకే గడిలో పడతారు. అందుకే నేను జీతం లెక్క చూసి ఎవరి పరిస్థితీ తేల్చను. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం మన దేశంలో ఆస్తిలో పైనున్న 10 శాతం కుటుంబాల చేతిలో పట్టణాల్లో సుమారు 56 శాతం, పల్లెల్లో సుమారు 51 శాతం ఆస్తి ఉంది.

అపోహ: డబ్బున్నవాళ్ళు పిల్లల్ని మంచి స్కూల్లో వేస్తారు, తేడా అంతవరకే.

వాస్తవం: తేడా స్కూలు కంటే ముందే మొదలవుతుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002లో మొదలైన 'యంగ్ లైవ్స్' అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల నుంచి సుమారు 3 వేల మంది పిల్లల్ని ఎంచుకుని ఏళ్ళ తరబడి వెంబడించింది. ఇంటి గోడలు, పైకప్పు, కరెంటు, నీళ్ళు, టీవీ, ఫ్యాన్ లాంటివి చూసి కుటుంబం స్థాయిని లెక్కగట్టారు. 5 ఏళ్ళకే, ఇంకా బడి సరిగ్గా మొదలుకాకముందే, మాటలు గుర్తుపట్టే పరీక్షలో ఆ స్థాయిని బట్టి తేడా కనబడింది.

ఆ తర్వాత ఆస్తి చేసే అసలు పని ఒకటుంది. దెబ్బ తగిలినప్పుడు కాచుకోవడం. నాన్నకి ఆపరేషన్ పడిందనుకోండి. నాలుగు తులాల బంగారం ఉన్న ఇంట్లో అది బ్యాంకులో పెట్టి గట్టెక్కుతారు, పిల్ల ఇంటర్ ఆగదు. బంగారం లేని ఇంట్లో పదో తరగతి పాసైన పెద్దకొడుకు ముందు పనికి వెళతాడు. "ఈ ఒక్క ఏడాదే" అంటారు. వెనక్కి బడికి వచ్చినవాళ్ళు చాలా తక్కువ. నీట్‌లో ర్యాంకు రాలేదని ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకోగలిగేదీ ఆ ఏడాది సంపాదన లేకపోయినా ఇల్లు గడిచేవాళ్ళే. రెండోసారి ప్రయత్నించే అవకాశం ఎవరికి దొరికింది అన్నది మార్కుల జాబితాలో కనబడదు, ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం.

అపోహ: ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పేదపిల్లలకీ అన్నీ సమానమే.

వాస్తవం: ఆ పథకం వల్ల ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగ్ చదివినవాళ్ళు ఎందరో ఉన్నారు, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ అది కాలేజీ ఫీజు వరకే. డిగ్రీ చేతికొచ్చాక అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోర్సులు చేస్తూ మంచి ఉద్యోగం వచ్చేదాకా ఆగే ఖర్చు ఇంటిదే. ఆగలేనివాడు ఏది దొరికితే అందులో చేరతాడు, అక్కడి నుంచే జీతాల దారులు విడిపోతాయి. అమెరికాలో ఎంఎస్ అంటే ఇంకా స్పష్టం. ప్రభుత్వ బ్యాంకుల్లో విదేశీ చదువు లోన్ ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి హామీ అడుగుతారు. తాకట్టు పెట్టడానికి ఇల్లో స్థలమో లేనివాళ్ళు ఎక్కువ వడ్డీకి ప్రైవేటు సంస్థల దగ్గరికి వెళతారు. ఇద్దరికీ అదే యూనివర్సిటీ, అదే పట్టా, నెల నెలా కట్టే కంతు మాత్రం వేరు.

అపోహ: ఒకే ఇంట్లో పుట్టిన పిల్లలకి ఆస్తి వల్ల వచ్చే లాభం ఒకటే.

వాస్తవం: మన దగ్గర 1985 నుంచే, దేశమంతటా 2005 నుంచి, హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ హక్కు ఉంది. అయినా నేను "అమ్మాయికి వాటా?" అని అడిగితే వచ్చే మాట "కట్నం ఇచ్చాం కదండీ" అనే.

అపోహ: పేదింట్లో పుట్టినవాడి రాత అంతే, ఏం చేసినా మారదు.

వాస్తవం: ఇది తప్పు. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం అమెరికాలో చేసిన పరిశోధన చూడండి. ఆదాయంలో అట్టడుగు ఐదో వంతులో పెరిగిన పిల్లలు పైనున్న ఐదో వంతుకి చేరే అవకాశం శాన్ హోసే నగరంలో దాదాపు 13 శాతం, షార్లెట్ నగరంలో 4 శాతం పైచిలుకు. దేశం ఒకటే, అదృష్టాలు ఊరిని బట్టి మారాయి. పెరిగిన చోటు మారితే ఫలితం మారుతుందని ఇదే బృందం మరో అధ్యయనంలో కూడా చూపింది, అదీ చిన్న వయసులోనే మారితే ఎక్కువ.

మన ఇళ్ళలో అయితే, పిల్లలు హైస్కూల్లో ఉండగానే రెండు రూపాయల వడ్డీ అప్పుని డ్వాక్రా లోన్‌తోనో బ్యాంకు బంగారం లోన్‌తోనో తీర్చేయమని నేను చెబుతుంటాను. ఇల్లు, స్థలం అమ్మ పేరు మీద కూడా ఉండేలా చూడమంటాను. పిల్ల చదువుకి లోన్ కావాల్సిన రోజున బ్యాంకువాళ్ళు మొదట అడిగేది ఆ కాగితాలే.