అరుగు మీది మెరుపు

చీమకుర్తి

చిరంజీవులు బుజ్జికి, చిన్నోడికి,
తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో అరుగు మీద బోర్లా పడుకుని నల్లరాతిలో మెరుపులు లెక్కపెడుతూ "ఆకాశంలో కూడా ఇట్టాంటి రాళ్ళుంటాయా తాతయ్యా?" అని అడిగారు. బస్సు టైమైపోయి చెప్పలేకపోయాను.

మన ఊరి ఆ నల్లరాయిని, అదే గెలాక్సీ రాయిని, అందరం గ్రానైట్ అంటాం గానీ, అది గాబ్రో జాతి రాయి. భూమి లోపల కరిగిన శిలాద్రవం నిదానంగా చల్లారి గట్టిపడింది. ఆ మెరుపు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. దాని ఇంటిపేరు పైరాక్సీన్.

ఇక ఆకాశం సంగతి. కుజుడికీ గురుడికీ మధ్య లక్షల గ్రహశకలాలు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. వాటిలో ఐడా ఒకటి, రాతి జాతిది. 1884లో వియన్నాలో యోహాన్ పాలిసా కనిపెట్టాడు. గెనుసుగడ్డ ఆకారం, పొడవు దాదాపు 60 కిలోమీటర్లు. అంటే ఇక్కణ్ణుంచి ఒంగోలుకు సుమారు మూడింతలు! నాలుగున్నర గంటలు దాటగానే అక్కడ ఒక రోజు అయిపోతుంది.

అక్కడ ఎవరూ కాలు పెట్టలేదు. మరి ఏ రాయో ఎట్టా తెలిసింది? వెలుగును బట్టి. రాతి మీద పడ్డ ఎండలో ఒక్కో ఖనిజం ఒక్కో రకం వెలుగును మింగేసి మిగతాది వెనక్కి పంపుతుంది. మన కంటికి ఆనని పరారుణ కాంతిలో చూస్తే ఐడాలో పైరాక్సీన్ జాడ దొరికింది. రెండూ ఒకే రాయి అనుకోకండి, ఖనిజం వరకే చుట్టరికం. నాకు ఆ చుట్టరికమే చాలా ఇష్టం.

1993 ఆగస్టు 28న గెలీలియో అనే అంతరిక్ష నౌక ఐడాకు సుమారు 2,400 కిలోమీటర్ల దూరం నుంచి ఫొటోలు తీసింది. గొడుగులా విచ్చుకోవాల్సిన పెద్ద యాంటెన్నా ఎంతకీ విచ్చుకోలేదు. చిన్న యాంటెన్నాతో ఫొటోలు భూమికి చేరడానికి నెలలు పట్టింది. 1994 ఫిబ్రవరిలో గెలీలియో బృందంలోని ఆన్ హార్చ్ అనే ఆవిడ వాటిని చూస్తుంటే ఐడా పక్కన ఒక చుక్క కనిపించింది. అది ఐడా చందమామ! అడ్డంగా కొలిస్తే కిలోమీటరున్నర, మీరు అరగంటలో నడిచే దూరం. పేరు డాక్టిల్. ఒక గ్రహశకలానికి చందమామ ఉందని ఖాయంగా తెలియడం అదే మొదటిసారి. ఆవిడ ఓపిక తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

పాలిష్ ఫ్యాక్టరీలో అడిగి అరచేతంత ముక్క ఒకటి తెచ్చి కిటికీలో పెట్టాను. సంక్రాంతికి వచ్చినప్పుడు ఎండలో పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. ఒక వాటంలో మెరిసిన చుక్క ఇంకో వాటంలో ఆరిపోతుంది.

మీ తాతయ్య