రంగు అద్దాల ఫోటోకి ఆకాశమే లైటు

తిరుపతి నుంచి హైదరాబాద్ వెళ్ళి, అటునుంచి మెదక్ చర్చి చూసొచ్చినవాళ్ళ ఫోన్లలో దాదాపు ఒకే రకం ఫోటో ఉంటుంది. ముందు నిలబడ్డ ఇంటిల్లిపాదీ చక్కగా పడతారు. స్తంభాలు పడతాయి, నేల మీద పలకలూ పడతాయి. వెనకున్న రంగు అద్దాల కిటికీ మాత్రం తెల్లగా బర్న్ అయిపోయి ఉంటుంది. ఏమైందని అడిగితే "లోపల చీకటి కదన్నా, ఫోన్‌లో అంతే వస్తుంది" అంటారు. ఆ చీకటిది పెద్దగా తప్పు లేదు. వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకోకపోవడమే అసలు తంటా.

మామూలుగా మనం తీసే ఫోటోల్లో వెలుగు వస్తువు మీద పడి, వెనక్కి తిరిగి కెమెరాలోకి వస్తుంది. ముఖమైనా గోపురమైనా అంతే. రంగు అద్దాల కిటికీ దగ్గర వెలుగు అవతలి వైపు నుంచి వస్తుంది. అద్దం అందులో కొన్ని రంగుల్ని మింగేసి మిగతావాటిని వదులుతుంది. అందుకే అదే కిటికీని బయట నిలబడి చూస్తే నల్లగా, మురికిగా, ఎవరూ పట్టించుకోని వస్తువులా ఉంటుంది. చీకటి పడ్డాక లోపలినుంచి చూసినా బొమ్మ కనపడదు. ఒక విధంగా మనం ఫోటో తీసేది కిటికీ వెనకున్న ఆకాశాన్నే. ఫ్లాష్ ఎందుకు పనికిరాదో దీన్నిబట్టే తెలుస్తుంది. ఫ్లాష్ వెలుగులో కొంత అద్దం నునుపు మీద తగిలి మన మీదికే వస్తుంది, మిగతాది బయటికి పోతుంది. ఫోటోలో మిగిలేవి అద్దం ముక్కల్ని పట్టి ఉంచే సీసం లోహపు పట్టీలూ దుమ్మూ.

ఇంతకీ ఆ అద్దంలో ఏముంది? గాజు కరుగుతున్నప్పుడే లోహపు లవణాలు కలిపితే రంగు గాజు లోపలే పుడుతుంది. నీలానికి కోబాల్ట్. ఇది ఎంత ఘాటైనదంటే, గాజు బరువులో 0.1 శాతం కన్నా తక్కువ వేసినా ముదురు నీలం వచ్చేస్తుంది. మాంగనీస్‌తో ఊదా, ఇనుముతో ఆకుపచ్చ. ఎరుపు కథ కొంచెం వేరు. యూరప్ మధ్యయుగపు పనివాళ్ళు దానికి రాగి వాడేవారు. రాగి ఎరుపు మందంగా ఉంటే వెలుగు అసలు దూరదు, పలక నల్లగా కనిపిస్తుంది. కాబట్టి తెల్ల గాజు మీద ఎర్ర గాజును పల్చటి పొరగా అతికించేవారు. 14వ శతాబ్దం మొదట్లో వెండి పసుపు వచ్చింది. వెండి కలిపిన ముద్దను అద్దం వెనక పూసి బట్టీలో కాలిస్తే, వెండి గాజులోకి ఇంకి నిమ్మపండు పసుపు నుంచి నారింజ దాకా రకరకాల ఛాయలు ఇస్తుంది.

ముఖాల మీద గీతలు, బట్టల ముడతలు, నీడలు మాత్రం గాజు మీద వేసినవే. ఇనుపదో రాగిదో భస్మాన్ని గాజు పొడితో నూరి, కుంచెతో గీసి, 600 డిగ్రీల సెల్సియస్ పైన కాలుస్తారు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీతకు వాడే కసిం కూడా ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో నానబెట్టి తీసేదే. అక్కడ కరక్కాయ పట్టించిన గుడ్డ, ఇక్కడ గాజు. నలుపుకు మాత్రం రెండుచోట్లా ఇనుము పనికొస్తుంది.

మన తెలుగు నేల మీద ఈ పని చూడాలంటే మెదక్ కన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఆధ్వర్యంలో పదేళ్ళు కట్టిన ఆ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. క్రీస్తు పుట్టుక, శిలువ, ఆరోహణం చూపే మూడు పెద్ద కిటికీలను లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ రూపొందించాడు. మనకు దగ్గర కావాలంటే చెన్నై సాంథోమ్ చర్చి ఉంది, తిరుపతి నుంచి పొద్దున బయల్దేరితే టిఫిన్ అక్కడే చేయొచ్చు. కలకత్తా పోయేవాళ్ళు సెయింట్ పాల్స్ కెథీడ్రల్ పడమటి కిటికీ చూడాలి. 1880లో వైస్రాయ్ లార్డ్ మేయో జ్ఞాపకార్థం పెట్టిన ఆ కిటికీ రచన ఇంగ్లీషు చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్‌ది.

ఇప్పుడు కెమెరా సంగతి. చర్చి లోపలి గోడకూ కిటికీకీ వెలుగులో తేడా వెయ్యి రెట్ల దాకా ఉండొచ్చు. ఫోటోగ్రాఫర్ల లెక్కలో అది పది స్టాపులు, ఎందుకంటే ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపవుతుంది. మన కన్ను ఒక్కచూపులో రెండూ చూస్తున్నట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి చూపు గోడ నుంచి కిటికీకి మారిన ప్రతిసారీ సర్దుకుంటూ ఉంటుంది. కెమెరా ఒక క్లిక్కులో ఒక నిర్ణయమే తీసుకుంటుంది. ఫ్రేములో ఎక్కువ భాగం గోడే కాబట్టి గోడను బాగుచేస్తుంది, కిటికీని చంపేస్తుంది. ఫోన్‌లో దీనికి మందు చాలా సులువు. తెరమీద అద్దంలోని లేత రంగు చోట వేలు నొక్కిపట్టి లాక్ చేసి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగాలి. కెమెరా అయితే ఒక్క చోటి వెలుగునే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టి, అవసరమైతే ఒకటి రెండు స్టాపులు తగ్గించాలి. తెలుపు ఒకసారి పేలిపోతే వెనక్కి రాదు, చీకటిలో ఉన్నదాన్ని రా ఫైలు (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ఫైలు) నుంచి తర్వాత కొంత పైకి తీయొచ్చు.

గోడ నల్లబడిపోతుందే అంటారా? నల్లబడనివ్వండి. నాకైతే అదే బాగుంటుంది. ఈమధ్య ఫోన్లు ఒక్కోదాన్లో వెలుగు ఎక్కువతక్కువలుగా మూడు నాలుగు ఎక్స్‌పోజర్లు తీసి వాటంతట అవే కలిపేస్తున్నాయి. అప్పుడు గోడా కిటికీ రెండూ కనిపిస్తాయి గానీ, కల్యాణమండపంలో లైట్లన్నీ ఒకేసారి వేసినట్టు ఉంటుంది. చీకటి లేనిచోట ఆ రంగులకు బలం ఉండదు.

నీలం రంగుతో ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. కెమెరా సెన్సర్ మీద ప్రతి చిన్న గడికీ ఒక రంగు ఫిల్టర్ ఉంటుంది. కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన ఆ అమరికలో ప్రతి నాలుగు గడుల్లో రెండు పచ్చవి, ఒకటి ఎర్రది, ఒకటి నీలం. పచ్చకే మన కన్ను ఎక్కువ స్పందిస్తుంది కాబట్టి అలా పెట్టారు. కోబాల్ట్ అద్దం ముందు నిలబడితే పచ్చ, ఎరుపు గడులు దాదాపు ఖాళీ. పని చేసేది నాలుగో వంతు గడులే. అందుకే ముదురు నీలం పలకల్లో వివరం తక్కువగా, మచ్చలు ఎక్కువగా కనిపిస్తాయి. పైగా కెమెరా చూపించే తెల్ల హిస్టోగ్రామ్‌ను, అంటే ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫును, నమ్మడానికి లేదు. తెర మీద వెలుగును లెక్కకట్టే మామూలు ప్రమాణంలో పచ్చ వాటా 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7 మాత్రమే. నీలం నిండిపోయి పొంగిపోతున్నా ఆ గ్రాఫులో పెద్దగా కదలిక ఉండదు. మూడు రంగుల్నీ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ ఆన్ చేసుకుంటే ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. తెలుపును తెలుపుగా చూపించడానికి రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేయకండి. ఫ్రేమంతా నీలం చూసి కెమెరా కంగారుపడి పసుపు కలుపుతుంది. డేలైట్ మీద ఉంచితే చాలు.

సాయంత్రం పూట మరో తమాషా. వెలుగు తగ్గేకొద్దీ ఎర్ర పలకలు ముందు నల్లబడతాయి, నీలం ఇంకాసేపు నిలబడుతుంది. 19వ శతాబ్దపు చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే పేరుతో పిలిచే ఈ మార్పు మన కంటిలోది. మసక వెలుతురులో పనిచేసే కణాలు ఎరుపును పట్టుకోలేవు. కెమెరాకు ఈ గొడవ లేదు, ఎరుపును ఎరుపుగానే చూపిస్తుంది. "నేను చూసింది ఇలా లేదే" అనిపిస్తే కెమెరాను తిట్టక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం ఆకాశం ఎంపిక. కంటి నుంచి ఒక అద్దపు పలక దాకా గీత గీసి, దాన్ని బయటికి పొడిగించి చూడండి. అది దేనికి తగులుతుందో అదే ఆ పలకకు లైటు. పై పలకల వెనక ఆకాశం ఉంటుంది, కింది పలకల వెనక వేపచెట్టో పక్క బిల్డింగో ఉంటుంది. అందుకే చాలా ఫోటోల్లో కిటికీ పైసగం వెలిగి, కిందిసగం పచ్చగా మసకబారుతుంది. నాలుగడుగులు పక్కకి జరిగితే చెట్టు తప్పుకోవచ్చు. బయట రాళ్ళు తగలకుండా బిగించిన ఇనుప జాలీ ఉంటే, లెన్సు బాగా తెరిచి జాలీని మసకబరచడం తప్ప మార్గం లేదు.

ఎండ తగిలే కిటికీ అందంగా ఉంటుందని అనుకుంటాం. చూడ్డానికి నిజమే. ఫోటోకి మాత్రం సూర్యుడున్న చోట ఒక పలక భగ్గున మండి, పక్క పలకలు డీలాపడతాయి. నేరుగా పడే ఎండ, వెలుగును కొలిచే లక్స్ లెక్కలో, లక్ష ఉంటుంది. మబ్బు పట్టిన రోజు అది పదో వంతుకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది, కానీ ఆకాశమంతా పరుచుకున్న ఒకే తెల్ల తెరగా మారుతుంది. మన తిరుపతిలో నవంబర్, డిసెంబర్ ముసురు రోజుల్ని ఫోటోలవాళ్ళు తిట్టుకుంటారు. రంగు అద్దాలకు అవే పండగ.

యూరప్‌వాళ్ళు రాసిన సలహాల్లో "ఉత్తరపు కిటికీకి మధ్యాహ్నం ఎండ తగలదు, అది ఎప్పుడైనా తీయొచ్చు" అని ఉంటుంది. పారిస్‌కీ లండన్‌కీ అది సరే. మనకు సరిపోదు. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. అవే నీడ లేని రోజులు. ఆ రెండింటి మధ్య మూడున్నర నెలలకు పైగా సూర్యుడు మనకు పొద్దున లేచినప్పటి నుంచి కుంకేదాకా ఉత్తరం వైపే తిరుగుతాడు. అంటే మే, జూన్, జులైలలో మన ఉత్తరపు గోడకే ఎండ, దక్షిణపు గోడకు నీడ. మెదక్ ఇంకొంచెం పైన, 18 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి అక్కడ ఈ కాలం మే మధ్య నుంచి జులై చివరిదాకే. ఎండాకాలం సెలవుల్లో వెళ్ళేవాళ్ళు దక్షిణపు కిటికీలు ముందు చూసుకోవడం మంచిది.

కిటికీలు ఎత్తులో ఉంటాయి కాబట్టి దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తితే నిలువు గీతలు పైన కలిసిపోతాయి. హాలు అవతలి చివరకు వెళ్ళి, దూరాన్ని దగ్గరగా చూపే టెలి లెన్సుతో తీస్తే ఆ వంపు తగ్గుతుంది. మిగిలింది ఎడిటింగ్ యాప్‌లో సరిచేసుకోవచ్చు, చుట్టూ కాస్త ఖాళీ వదిలితే. టెలి లెన్సులో ఇంకో లాభం, గాజులోని బుడగలు, చారలు కనిపిస్తాయి. ఆ ఎగుడుదిగుళ్ళు చూసి గైడ్లు "గాజు నిజానికి ద్రవం సార్, వందల ఏళ్ళుగా కిందికి కారుతోంది" అని చెప్పేస్తుంటారు. లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ అబే చర్చి గాజు కూర్పును పరీక్షించి 2017లో వెలువరించిన లెక్క ప్రకారం, గది వేడిమిలో అది వంద కోట్ల ఏళ్ళకు కారేది మహా అయితే ఒక నానోమీటర్. పాతకాలం పలకలు ఊదుతున్నప్పుడే మందం హెచ్చుతగ్గులుగా వచ్చేవి, అంతే.

ట్రైపాడ్ చాలాచోట్ల ఒప్పుకోరు. స్తంభానికి ఆనుకోవడం, బెంచీ వీపు మీద కెమెరా పెట్టడం సరిపోతుంది. ఆరాధన జరుగుతుంటే తీయకపోవడమే మర్యాద. కొండమీద ఫోన్ కౌంటర్లో ఇచ్చేసి దర్శనానికి వెళ్ళే ఊరివాళ్ళం, మనకు ఇది ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. సాధన చేయడానికి దూరం పోనక్కర్లేదు కూడా. పాత మిద్దెల తలుపుల పైన ఉండే ఎరుపు, పచ్చ అద్దపు ముక్కల మీద పైన చెప్పినవన్నీ చేసి చూడొచ్చు.

ఎండ కావాల్సింది కిటికీ కోసం కాదు, నేల కోసం. తెరిపి ఉన్న జనవరి మధ్యాహ్నం తిరుపతిలో సూర్యుడు దక్షిణాన సుమారు 55 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆరు మీటర్ల ఎత్తున్న దక్షిణపు కిటికీ రంగులు గోడకు నాలుగు మీటర్ల అవతల నేల మీద పడతాయి. అక్కడ బొమ్మ కనిపించదు, రంగులే కనిపిస్తాయి. ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న పళ్ళెం. ఆ వెడల్పు వల్ల అద్దానికి పది మీటర్ల దూరంలో ప్రతి అంచూ తొమ్మిది సెంటీమీటర్ల మేర అలుక్కుపోతుంది. అంతకన్నా చిన్న పలకలు తమ ఆకారం పోగొట్టుకుని పక్క రంగుల్లో కలిసిపోతాయి. ఎర్ర వెలుగు పచ్చ వెలుగు మీద పడినచోట పసుపు వస్తుంది. ఆ రెండు రంగుల్నే కుంచెతో కలిపి చూడండి, బురద రంగు వస్తుంది. నేల ఫోటో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ రంగు మచ్చ మీదే లాక్ చేయాలి. నల్లరాతి కన్నా తెల్ల సున్నం గోడ మీద, పాలరాతి మీద రంగు బాగా నిలుస్తుంది. గంటకు 15 డిగ్రీలు తిరిగే సూర్యుడితోపాటు ఆ మచ్చలూ కదులుతుంటాయి కాబట్టి, ఫ్రేము చూసుకుని ఆగితే పావుగంటలో అవే జరిగి వచ్చి అందులో కూర్చుంటాయి.