తరం మారితే తెలివి తగ్గుతుందా?

ప్రియమైన పిల్లలకు,

"మా రోజుల్లో పిల్లల తెలివి మీకెక్కడిది?" అన్న మాట మీరు తరచూ వింటుంటారు. అది నిజమో కాదో తేల్చాలంటే ముందు తెలివిని కొలిచే తీరు తెలియాలి.

ఐక్యూ అంటే సరైన జవాబుల లెక్క కాదు, మీ ఈడువాళ్లలో మీరెక్కడున్నారో చెప్పే అంకె. ఆ వయసువాళ్ల సగటును 100గా పెడతారు. మూడింట రెండు వంతుల మందికి 85కీ 115కీ మధ్య వస్తుంది. కొన్నేళ్లకోసారి పరీక్షను మార్చి సగటును మళ్లీ 100కే తెస్తారు. కాబట్టి తాతకీ 100, మనవడికీ 100 వచ్చినంత మాత్రాన ఇద్దరూ సమానం కారు. పాత పరీక్షా, కొత్త పరీక్షా ఒకరిచేతే రాయిస్తేనే తేడా బయటపడుతుంది: పాతదానిలో ఎక్కువ వస్తే సగటు పెరిగినట్టు. న్యూజిలాండ్‌లో పనిచేసిన పరిశోధకుడు జేమ్స్ ఫ్లిన్ అలా రెండూ రాసినవాళ్ల ఫలితాలు పోగేసి, 1932 నుంచి 1978 లోపు అమెరికన్ల సగటు సుమారు 14 పాయింట్లు పెరిగిందని 1984లో చూపించారు.

అన్నిటిలోనూ ఒకేలా పెరగలేదు. పదసంపదలో, లెక్కల్లో పెరుగుదల కొద్దిదే. బొమ్మల వరసలో తప్పిపోయినదాన్ని పట్టుకోవడంలో, రెండింటికీ పోలిక చెప్పడంలో చాలా ఎక్కువ. కుక్కకీ కుందేలుకీ పోలికేమిటంటే, వెనకటివాళ్లు "కుక్కతో కుందేలును వేటాడతాం" అనేవారు. మీరు "రెండూ క్షీరదాలు" అంటారు. మార్కులు మీ జవాబుకే. అంతమాత్రాన వాళ్లను తక్కువగా చూడకండి, వాళ్ల బతుకులో పనికొచ్చే జవాబు అదే. వస్తువులను వర్గాలుగా చూడటం మీకు బడి అలవాటు చేసింది.

తగ్గిన చోటూ ఉంది. నార్వేలో సైన్యంలో చేరే వయసు యువకులకు పెట్టే పరీక్షలో, 1975 ప్రాంతంలో పుట్టినవాళ్ల దాకా మార్కులు పెరిగి, తర్వాత పడిపోయాయి. 2018లో బ్రాట్స్‌బర్గ్, రోగెబర్గ్ అనే పరిశోధకులు ఆ యువకుల్లోని అన్నదమ్ములను పోల్చి చూస్తే, ఒకే ఇంట్లోనూ అదే తగ్గుదల కనిపించింది. అంటే కారణం రక్తంలో లేదు, పెరిగిన పరిస్థితుల్లో ఉంది. అయోడిన్ లోపం, ఒంట్లో చేరిన సీసం మెదడును దెబ్బతీస్తాయని మనకు ముందే తెలుసు. అలాంటివి సరిదిద్దుకోగలం కాబట్టి ఇది నాకు ధైర్యమిచ్చే విషయం.

పెద్దలు పొరపడే చోటు ఇంకొకటి. అరవై ఏళ్లవారిని పదిహేనేళ్లవారితో పోలుస్తారు. మాటల నిధి నడివయసు దాటినా పెరుగుతుంది, కొత్త చిక్కుముడిని చప్పున విప్పే చురుకు యవ్వనంలోనే ఎక్కువ. పోలిస్తే అదే వయసులో పోల్చాలి. బాగా చదివే పెద్దలే "ఈ కాలం పిల్లలు చదవరు" అని ఎక్కువగా అంటారని 2019లో అమెరికాలో ప్రొట్జ్‌కో, స్కూలర్ చేసిన పరిశోధనలో తేలింది. ఇప్పటి తమ చదువరితనాన్ని గతంలోకి మోసుకెళ్లి, చిన్నప్పుడు తమ ఈడువాళ్లంతా అలాగే చదివేవారని అనుకుంటారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య