రెండు రోజుల రోమ్, తక్కువ ఖర్చులో: అపోహలు - వాస్తవాలు

జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నవాళ్ళు, డబ్లిన్‌లో, లండన్‌లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళు శని ఆదివారాల్లో చూసొద్దామనుకునే ఊళ్ళలో రోమ్ ముందుంటుంది. విమానం టికెట్ చౌకగా దొరకడం పెద్ద కష్టమేం కాదు. జేబుకు చిల్లు పడేది దిగాకే. అది కూడా చూడాల్సిన చోట్ల టికెట్లకి కాదు. వాటి ధరలు మామూలుగానే ఉంటాయి. తొందరలో కొన్న పాస్, దళారీ సైట్‌లో తీసుకున్న టికెట్, కట్టడం ఎదురుగా కుర్చీ వేసుకుని తాగిన కాఫీ, ఇవే బడ్జెట్‌ని తినేస్తాయి. కింద రాసిన ధరలు 2025-26 నాటివి.

అపోహ: యూకే వీసా ఉంటే చాలు. వాటికన్‌కి మాత్రం వేరే వీసా కావాలి.

రెండూ తప్పే. యూకే, ఐర్లండ్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేవు. భారతీయ పాస్‌పోర్ట్‌తో అక్కడుంటున్నవాళ్ళకి రోమ్ వెళ్ళడానికి షెంగెన్ వీసా కావాల్సిందే. ఫీజు 90 యూరోలు, దానికి తోడు 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్. 40 యూరోల విమానం టికెట్ చూసి మురిసిపోయే ముందు ఈ లెక్క కూడా వేసుకోండి. మల్టిపుల్ ఎంట్రీ అడిగి, ఆ ఒక్క వీసా మీద రెండు మూడు ఊళ్ళు చుట్టి రావడమే లాభం. జర్మనీ, ఫ్రాన్స్ లాంటి షెంగెన్ దేశాల రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళకి వీసా అక్కర్లేదు. కాకపోతే ఒరిజినల్ పాస్‌పోర్ట్, పర్మిట్ కార్డు రెండూ వెంట ఉండాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. చౌక విమానాల్లో కొన్ని సంస్థలు ఈయూ పాస్‌పోర్ట్ లేనివాళ్ళని సెక్యూరిటీకి వెళ్ళేముందు కౌంటర్ దగ్గర కాగితాలు చూపించమంటాయి. ఆన్‌లైన్ చెక్-ఇన్ అయిపోయింది కదా అని నేరుగా గేటుకి వెళ్తే అక్కడి నుంచి వెనక్కి పంపుతారు.

వాటికన్ రోమ్ లోపలే ఉన్న చిన్న దేశం, దానికి సరిహద్దు తనిఖీ లేదు. రోమ్ వీధిలోంచి అడుగు వేస్తే సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో ఉంటారు. సింగిల్ ఎంట్రీ వీసా ఉన్నా దిగులు లేదు, వాటికన్‌లోకి వెళ్ళొచ్చినంత మాత్రాన ఎంట్రీ అయిపోదు.

అపోహ: ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి లియోనార్డో ఎక్స్‌ప్రెస్సే దిక్కు.

రోమ్ పెద్ద ఎయిర్‌పోర్ట్ ఫ్యూమిచీనోలో దిగగానే బోర్డులన్నీ దాని వైపే చూపిస్తాయి. 14 యూరోలు, 32 నిమిషాల్లో ఊళ్ళోని ప్రధాన రైల్వే స్టేషన్ తెర్మినీ. మంచి రైలే. అయితే అదే స్టేషన్ నుంచి ఎఫ్‌ఎల్ 1 అనే లోకల్ రైలు 8 యూరోలకే వస్తుంది. ఇది తెర్మినీకి వెళ్ళదు. ట్రాస్తెవెరె, ఓస్తియెన్సే, తిబుర్తినా మీదుగా పోతుంది. ట్రాస్తెవెరెలో దిగితే 8వ నంబర్ ట్రామ్ ఊరి నడిబొడ్డుకి తీసుకెళ్తుంది. ఓస్తియెన్సేలో దిగితే పక్కనే పిరమిదే మెట్రో, బి లైను. బస ఎక్కడో చూసుకుని రైలు ఎంచుకోవాలి. తెర్మినీ పక్కనే గది ఉంటే 6, 7 యూరోల ప్రైవేటు బస్సు కూడా ఉంది, ట్రాఫిక్‌ని బట్టి గంట పట్టొచ్చు.

నలుగురున్నప్పుడు లెక్క మారుతుంది. ఫ్యూమిచీనో నుంచి పాత కోటగోడ లోపలికి టాక్సీ ధర మున్సిపాలిటీ ఖరారు చేసినదే, 55 యూరోలు. నలుగురు పంచుకుంటే తలకి పద్నాలుగు కూడా పడదు, సామాను కూడా అందులోనే. తెల్లటి అధికారిక టాక్సీలే ఎక్కాలి. ఎయిర్‌పోర్ట్ లోపల 'టాక్సీ, టాక్సీ' అంటూ వెంటపడేవాళ్ళకి ఈ ధర వర్తించదు.

అపోహ: 48 గంటల పాస్ తీసుకుంటే బోలెడు మిగులుతుంది.

మామూలు టికెట్ పేరు బిట్, 1.50 యూరోలు. మెషిన్‌లో కొట్టించాక 100 నిమిషాలు చెల్లుతుంది. బస్సులు, ట్రాములు ఎన్నైనా మారొచ్చు, మెట్రో మాత్రం ఒక్కసారే, బయటికొచ్చాక మళ్ళీ లోపలికి పోనివ్వదు. 48 గంటల పాస్ 15 యూరోలు. అంటే రెండు రోజుల్లో పదిసార్లకు మించి ఎక్కితేనే లాభం. రోమ్‌లో అన్నిసార్లు ఎక్కాల్సిన పని పడదు. పాంథియన్ (పాత రోమన్ గుడి), నవోనా చౌరస్తా, ట్రెవి ఫౌంటెన్ ఉన్న పాత ఊళ్ళో మెట్రో స్టేషనే లేదు. ట్రెవి నుంచి పాంథియన్ పది నిమిషాల నడక, అక్కడి నుంచి నవోనా అయిదు నిమిషాలు. ఐదారు టికెట్లతో రెండు రోజులూ గడిచిపోతాయి.

రోమా పాస్ సంగతీ ఇంతే. 48 గంటలది 36.50 యూరోలు, ఒక మ్యూజియం (లేదా కొలోసియం) ఉచితం, బస్సు మెట్రో ఉచితం. కొలోసియం 18, ఆరు బిట్‌లకి 9, మొత్తం 27. మిగతా తొమ్మిదిన్నర ఎందుకు కట్టాలి? పైగా వాటికన్ మ్యూజియం ఇందులో రాదు, పాస్ ఉన్నా కొలోసియానికి టైమ్ స్లాట్ వేరుగా బుక్ చేసుకోవాలి. మ్యూజియాల్లోనే రెండు రోజులూ గడిపేవాళ్ళకి గిట్టుబాటు కావొచ్చు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అనవసరం.

బ్యాంకు కార్డు తాకించి కూడా మెట్రో, బస్సు ఎక్కొచ్చు. ఒక కార్డు మీద ఒక్కరే. ఒకసారి కార్డు, ఇంకోసారి ఫోన్ తాకిస్తే మెషిన్ ఇద్దరు మనుషులనుకుని రెండు టికెట్ల డబ్బు లాగేస్తుంది. బస్సు మారిన ప్రతిసారీ తాకించాలి. టికెట్ జేబులో ఉండి కొట్టించకపోయినా జరిమానాయే. వెంటనే కడితే 54.90 యూరోలు, ఆలస్యమైతే వందకు పైనే. ఇక తెర్మినీ నుంచి వాటికన్ వైపు పోయే 64వ నంబర్ బస్సు ఎక్కితే, బ్యాగు వీపు మీద కాదు, పొట్ట మీద ఉండాలి. జేబుదొంగలకి అది పేరుపడ్డ బస్సు.

అపోహ: కొలోసియం టికెట్ అక్కడికి వెళ్ళి తీసుకోవచ్చు. నెలలో మొదటి ఆదివారమైతే ఇంకా మేలు, ఉచితం.

టికెట్లు తేదీకి 30 రోజుల ముందు అధికారిక సైట్‌లో విడుదలవుతాయి. 18 యూరోల టికెట్‌లో కొలోసియం, దాని పక్కనే పాత రోమన్ శిథిలాలున్న ఫోరం, పాలటైన్ గుట్ట మూడూ ఉంటాయి, 24 గంటలు చెల్లుతుంది. కొలోసియానికి మాత్రం స్లాట్ టైమ్‌కే వెళ్ళాలి. నేలమాళిగలు కూడా చూడాలంటే 24 యూరోల టికెట్. అవి పెట్టిన కాసేపటికే అయిపోతాయి. మామూలువి కూడా శని ఆదివారాలకి ముందే నిండుకుంటాయి. అప్పుడు దళారీ సైట్‌లు గుర్తొస్తాయి. అవే టికెట్లకి 'క్యూ లేకుండా' అని తోకలు తగిలించి రెండు మూడింతలకి అమ్ముతాయి. సెక్యూరిటీ క్యూ ఎవరికైనా తప్పదు.

2023 అక్టోబర్ నుంచి టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర ఐడీతో పోల్చి చూస్తారు. మన పేర్లతో ఇక్కడే చిక్కు. ఇంటిపేరు ముందా వెనకా, పొట్టిగా రాయాలా అని ఆలోచించకుండా పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే సర్‌నేమ్‌గా, మిగతాది మిగతా గడిలో, అక్షరం మార్చకుండా కొట్టండి. ట్రాలీ సూట్‌కేస్, పెద్ద బ్యాక్‌ప్యాక్, గాజు సీసా లోపలికి రానివ్వరు. ఆదివారం గది ఖాళీ చేసి సామానుతో నేరుగా ఇక్కడికి రావద్దు, హోటల్లోనే పెట్టి రండి.

మొదటి ఆదివారం ప్రవేశం ఉచితమన్నది నిజమే. ఆ రోజు ముందస్తు బుకింగ్ ఉండదు, అక్కడికి వెళ్ళి నిలబడి తీసుకోవాలి. చేతిలో ఉన్నవే రెండు రోజులు. అందులో ఒక పూటని 18 యూరోల కోసం క్యూకి ఇవ్వడం తెలివైన బేరం కాదు. ఆ ఆదివారం పాంథియన్ కూడా ఉచితమే. 2023 జూలైలో దానికి 5 యూరోల టికెట్ పెట్టారు. ఉచితం వాడుకోవాలనుకుంటే అక్కడ వాడుకోండి.

అపోహ: స్టూడెంట్ కార్డు చూపిస్తే అన్నిచోట్లా తగ్గింపు.

కొలోసియంలో 18 నుంచి 25 ఏళ్ళవాళ్ళకి 2 యూరోల టికెట్ ఉంది. అది ఈయూ పౌరులకి. మ్యూనిక్‌లో చదువుతున్న హైదరాబాద్ కుర్రాడు ఆ టికెట్ కొంటే గేటు దగ్గర పాస్‌పోర్ట్ చూసి ఆపేస్తారు. 18 లోపు పిల్లలకి మాత్రం ఏ దేశమైనా ఉచితమే, టికెట్ తీసుకోవాలి. వాటికన్ మ్యూజియంలో కథ వేరు. అక్కడ 25 ఏళ్ళ వరకు విద్యార్థులకి కార్డు చూపిస్తే రాయితీ ఉంది, పౌరసత్వం అడగరు.

అపోహ: శనివారం కొలోసియం, ఆదివారం వాటికన్.

చాలామంది వేసుకునే ప్లాన్ ఇదే, చెడిపోయేదీ ఇదే. వాటికన్ మ్యూజియం ఆదివారాలు మూసేస్తారు. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు, 12:30 దాటితే లోపలికి పంపరు, క్యూ గోడ వెంబడి మలుపు తిరిగి ఉంటుంది. కాబట్టి తిరగేయండి: శనివారం వాటికన్, ఆదివారం కొలోసియం. ఆదివారం వియా దేయి ఫోరి ఇంపీరియాలీ రోడ్డు మీద కార్లు ఆపేస్తారు గనక నడవడానికి కూడా హాయి. వాటికన్ మ్యూజియం టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే ఇంకో 5. ఆ అయిదు మాత్రం పెట్టాల్సిందే. అధికారిక సైట్ చిరునామా 'డాట్ వీఏ'తో ముగుస్తుంది, అది లేకపోతే దళారీ అన్నట్టే.

సెయింట్ పీటర్స్ చర్చికి టికెట్ లేదు, ఉదయం 7కే తెరుస్తారు. ఎనిమిది లోపు వెళ్తే క్యూ పొట్టిగా ఉంటుంది, పది దాటాక ఎండలో నిలబడాలి. భుజాలు, మోకాళ్ళు కనిపించకూడదు. మ్యూజియంలోని సిస్టీన్ చాపెల్ నుంచి చర్చిలోకి దగ్గరి దారి ఉందని విని దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అది గైడెడ్ గ్రూపులకే. మనం బయటికొచ్చి గోడ చుట్టూ పావుగంట నడవాలి. గుమ్మటం ఎక్కాలంటే మెట్లకి 10 యూరోలు, లిఫ్ట్‌కి 15. లిఫ్ట్ చర్చి పైకప్పు దాకానే, ఆ పైన 320 మెట్లు ఎవరికైనా ఎక్కక తప్పదు.

అపోహ: డబ్బు పెట్టకపోతే రోమ్‌లో చూసేదేం ఉండదు.

నవోనాకి రెండు నిమిషాల దూరంలో సాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజీ అనే చర్చి ఉంది. లోపల ఎడమవైపు చివరి గదిలో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో గీసిన మూడు పెద్ద చిత్రాలు, సెయింట్ మాథ్యూ జీవితం మీద. వేరే ఊళ్ళోనైతే వాటి కోసమే మ్యూజియం టికెట్ పెట్టేవాళ్ళు. గది చీకటిగా ఉంటుంది. పక్కన చిన్న పెట్టెలో నాణెం వేస్తే కాసేపు దీపం వెలుగుతుంది, తర్వాత టక్కున ఆరిపోతుంది. చిల్లర దగ్గర పెట్టుకోండి. శాంతా మారియా దెల్ పోపొలోలో ఇంకో రెండు కరవాజ్జోలు, కొలోసియం దగ్గర సాన్ పియెత్రో ఇన్ వింకోలిలో మైకెలాంజెలో చెక్కిన మోసెస్. అన్నీ ఉచితం. చాలా చర్చిలు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు, నాలుగు దాకా మూసేస్తారు, అందుకని పొద్దున్నో సాయంత్రమో పెట్టుకోవాలి. ట్రెవి దగ్గర 2026 ఫిబ్రవరి నుంచి నీళ్ళ అంచు దాకా దిగాలంటే బయటివాళ్ళకి 2 యూరోలు. పైనుంచి చూడటానికీ, రాత్రి పదింటి తర్వాత దిగడానికీ టికెట్ లేదు.

అపోహ: శాకాహారులకి ఇక్కడ తిండి కష్టం, ఖరీదు.

ఖరీదంతా ఎక్కడ కూర్చున్నామన్న దాన్నిబట్టి. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఎస్ప్రెసో 1.20, 1.50 యూరోలు, అదే కాఫీ బల్ల దగ్గరికి వస్తే రెండింతలు, పాంథియన్ ఎదురుగా అయితే ఇంకా పైకి. చాలా బార్లలో (అక్కడ కాఫీ దుకాణాన్నే బార్ అంటారు) ముందు క్యాష్ కౌంటర్లో డబ్బు కట్టి, ఆ చీటీ తెచ్చి కాఫీ అడగాలి. పిజ్జా అల్ తాల్యో దుకాణాల్లో ముక్కలు తూకానికి అమ్ముతారు. బోర్డు మీది ధర కొన్నిచోట్ల కిలోకి, కొన్నిచోట్ల 100 గ్రాములకి ఉంటుంది. కత్తి ఎక్కడ పెట్టాలో మీరు చెప్పండి, ఊరుకుంటే వాళ్ళు పెద్ద ముక్కే కోస్తారు. హోటల్లో అడక్కుండానే బ్రెడ్ బుట్ట వస్తుంది, బిల్లులో తలకి ఒకటి రెండు యూరోలు పడుతుంది. వద్దంటే తీసుకెళ్ళిపోతారు. టిప్పు తప్పనిసరి కాదు.

మారినారా పిజ్జా పేరు విని చేప ఉంటుందనుకుంటారు. ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే, చీజ్ కూడా లేదు. అర్రబ్బియాతా పాస్తా ఎండుమిరపకాయతో చేసేది, మన నాలుకకి నచ్చుతుంది, మాంసం లేదు. కార్బోనారా, అమత్రిచానా, గ్రిచా పాస్తాలు మూడింట్లోనూ పంది మాంసం ఉంటుంది. సుప్లీ అనే అన్నం ఉండలు చూడ్డానికి శాకాహారంలాగే ఉన్నా పాతపద్ధతిలో కైమాతో చేస్తారు, అడిగి తీసుకోండి. కచో ఎ పెపె పాస్తాలో కేవలం చీజ్, మిరియాలు. అయితే ఆ పెకొరీనో రొమానో చీజ్‌ని గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో గడ్డకట్టిస్తారు. పట్టింపు ఉన్నవాళ్ళు మారినారాతో సరిపెట్టుకోవడమే.

నీళ్ళ సీసా కొనకండి. ఊరంతా రెండు వేలకు పైగా నసోనీలు ఉన్నాయి, వంకర ముక్కులాంటి గొట్టం ఉన్న ఇనుప కుళాయిలు, 1870ల నుంచీ ఉన్నాయి. నీళ్ళు ఆగకుండా పోతూనే ఉంటాయి, తాగే నీళ్ళే. గొట్టం వంపు మీద చిన్న బెజ్జం ఉంటుంది. కింద మూతిని వేలితో మూస్తే ఆ బెజ్జంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు.

అపోహ: బుకింగ్ సైట్‌లో చూపించిన ధరే గది ధర.

సిటీ టాక్స్ వేరు, తలకి, రాత్రికి. హాస్టల్లో 3.50, త్రీస్టార్‌లో 6, ఫోర్‌స్టార్‌లో 7.50 యూరోలు. పదేళ్ళ లోపు పిల్లలకి లేదు. ఇద్దరు రెండు రాత్రులు త్రీస్టార్‌లో ఉంటే 24 యూరోలు అదనం, చాలాచోట్ల అక్కడికక్కడే కట్టాలి. చౌకని ఊరి చివర గది తీసుకోవడం కంటే సాన్ జొవాన్నీ, రె ది రోమా, బొలోన్యా లాంటి మెట్రో స్టేషన్ల దగ్గర తీసుకోండి. మెట్రో శుక్ర, శనివారాల్లో రాత్రి ఒకటిన్నర వరకు, మిగతా రోజుల్లో పదకొండున్నర వరకు నడుస్తుంది.

అపోహ: నలుగురం కదా, కారు అద్దెకి తీసుకుంటే చౌక.

పాత ఊరంతా జెడ్‌టీఎల్, అంటే అనుమతి ఉన్న బళ్ళకే ప్రవేశం. గేటు ఉండదు, కెమెరా ఉంటుంది. ఒక్కోసారి దాటితే ఒక్కో జరిమానా, అది నెలల తర్వాత అద్దె కంపెనీ రుసుముతో కలిసి ఇంటికొస్తుంది. వద్దు.

ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణానికి ఒక్క జాగ్రత్త. ఎఫ్‌ఎల్ 1 రైళ్ళు మామూలు రోజుల్లో పావుగంటకొకటి, ఆదివారాలు, సెలవు రోజుల్లో అరగంటకొకటి. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫాం మీద మెషిన్‌లో కొట్టించాలి, ఫోన్‌లో కొన్నదైతే రైలెక్కే ముందు చెక్-ఇన్ నొక్కాలి. చేతిలో 1.50 బిట్ ఉంది కదా అని ఎయిర్‌పోర్ట్ రైలెక్కితే టికెట్ లేనట్టే లెక్క.