శ్రీకాళహస్తి కలంకారీ: కలిసి పని చేయడం మీద అపోహలు – వాస్తవాలు

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఇళ్లవాళ్లం దాదాపు అందరం ఒకరికొకరం తెలిసినవాళ్లమే. అయినా పెద్ద ఆర్డర్ వస్తే కలిసి కూర్చోవడానికి జంకుతాం. నేను బొమ్మలు గీయడంతో పాటు, ఒక ఇంటికి మించిన పని వచ్చినప్పుడు దాన్ని నాలుగిళ్లకు పంచి నడిపించే బాధ్యత కూడా చూస్తుంటాను. ఆ పనిలో తరచూ నా చెవిన పడే మాటలు ఇవి.

అపోహ: చిన్న ఊరు, అందరం తెలిసినవాళ్లమే. కొత్తగా మాట్లాడుకోవాల్సింది ఏముంది?

వాస్తవం: ఎవరింట్లో పెళ్లో ఊరంతా తెలుస్తుంది. చీరకు ఎంత రేటు ఒప్పుకున్నారో మాత్రం పక్కింటికి కూడా తెలియదు. బేరమాడే షాపువాళ్లకు కావాల్సిందే అది. "వాళ్లు ఇంకా తక్కువకే ఇస్తామన్నారు" అని మీ దగ్గర అంటారు, అదే మాట వాళ్ల దగ్గరా అంటారు. ఇద్దరూ తగ్గిస్తారు. ఒక్క ఫోన్ చేసి అడిగితే తేలిపోయే విషయం ఇది, కానీ ఆ ఫోన్ చేయడానికే మొహమాటం.

అపోహ: రంగుల గుట్టు చెబితే పొట్ట కొట్టుకున్నట్టే.

వాస్తవం: ఆ గుట్టులో చాలా భాగం ఊరికి తెలిసిందే. 1957లో ఇక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టాక కరక్కాయ, పాలు, పటిక, కసిమి (గీతలు గీసే నల్ల రంగు) అన్నీ పాఠంగానే చెప్పారు. అలా చెప్పకపోయుంటే ఈ పని ఇప్పటిదాకా మిగిలేదా అని నాకు అనుమానమే. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే కసిమి తయారవుతుందని ఎవరైనా చెబుతారు. అది పనికొచ్చిందని ఎప్పుడు తెలుస్తుంది, కలం మీద చుట్టిన గుడ్డను ఎంత నొక్కితే గీత ముద్ద కాకుండా సాగుతుంది అన్నది చేయి నేర్చుకోవాల్సిందే.

నిజంగా కాపాడుకోవాల్సింది సొంతంగా కూర్చిన కొత్త బొమ్మను. అది ఇంకొకరికి కావాలంటే అడిగి, పేరు చెప్పి, ఎంతో కొంత ఇచ్చి వాడుకోవాలి. మన దగ్గరేమో రంగుల విషయంలో దాపరికం, బొమ్మ కాపీ కొట్టినవాణ్ని అడగడానికి మొహమాటం. ఉండాల్సింది దీనికి తలకిందులుగా.

అపోహ: నాలుగిళ్లకు పంచితే నాలుగు రకాలుగా వస్తుంది.

వాస్తవం: వస్తుంది, ఊరికే పంచేసి వదిలేస్తే. కానీ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే చాలావరకు ఆపొచ్చు. మొదటి చోటు గుడ్డ. కోరా గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతాం. పాలు తగ్గితే గీత పాకుతుంది. కరక్కాయ తగ్గితే కసిమి పూర్తి నలుపు తిరగదు. ఒక ఇంట్లో చిక్కగా, ఇంకో ఇంట్లో పల్చగా కలిపితే తర్వాత ఎంత మంచి చేయి గీసినా రెండూ ఒకలా కనబడవు. అందుకే గుడ్డ మొత్తం ఒకే చోట, ఒకే విడతలో తయారు చేయించి పంచుతాం. కసిమి కూడా ఒకే కుండలోది.

రెండోది ఎరుపు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, ఆరాక పారే నీళ్లలో ఉతకాలి. నిలవ నీళ్లలో ముంచితే కరిగిన పటిక పక్క భాగాలకు అంటుకుని, ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ వేరుతో ఉడికించేటప్పుడు అక్కడా ఎర్రబడుతుంది. స్వర్ణముఖిలో ఏడాదంతా నీళ్లు పారవు కదా, ఒకరు ఏట్లో ఉతికి, ఇంకొకరు తొట్టిలో ముంచితే రంగు తేడా రాక ఏమవుతుంది? ఉతుకు, ఉడకబెట్టడం ఒకే చోట పెట్టుకోవాలి. ఖర్చు ముందే రాసుకుని పంచుకోవాలి. గొడవలు ఎక్కువగా వచ్చేది ఈ ఖర్చు దగ్గరే, బొమ్మల దగ్గర కాదు.

ఇక గీతలో తేడా ఉంటుంది, ఉండాలి కూడా. కళ్లు, ఆభరణాలు, అంచు ఎలా ఉండాలో ఒక శాంపిల్ ముక్క మీద వేసి ఇంటికొకటి ఇస్తే చాలు. ఫోన్‌లో ఫొటో పంపి సరిపెట్టకండి, ఒక్కో స్క్రీన్ మీద ఎరుపు ఒక్కోలా ఉంటుంది.

అపోహ: బొమ్మ గీసినవాళ్లే కళాకారులు, మిగతావాళ్లు కూలీలు.

వాస్తవం: పై పనుల్లో ఏది చెడినా గుడ్డ చెడుతుంది. రంగులు నింపేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. అమ్మేటప్పుడు మాత్రం వాళ్ల పేరు ఎక్కడా కనబడదు. పేరు రాయడానికి ఒక లైను చోటు చాలు.

అపోహ: మనకు జీఐ (ఊరి పేరుతో వచ్చే భౌగోళిక గుర్తింపు) ఉంది, ఇక నకిలీల సంగతి ప్రభుత్వమే చూసుకుంటుంది.

వాస్తవం: శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ నమోదు ఉంది. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో వేసే కలంకారీకి వేరే నమోదు. కానీ 1999 నాటి జీఐ చట్టం కింద ఊరి పేరు నమోదైనంత మాత్రాన ఊళ్లో ప్రతి ఒక్కరూ నమోదైనట్టు కాదు. తయారీదారులు అధీకృత వినియోగదారులుగా విడిగా దరఖాస్తు చేసుకోవాలి. ఆ పేరు దుర్వినియోగం మీద ఈ చట్టం కింద కోర్టుకు వెళ్లగలిగేది జీఐ నమోదు చేయించుకున్న సంస్థ, ఇలా విడిగా నమోదైనవాళ్లే. కలంకారీ అని చెప్పి స్క్రీన్‌ప్రింట్ గుడ్డ అమ్మేవాళ్లతో ఒక్క ఇంటివాళ్లు పోట్లాడలేరు. దరఖాస్తులు మాత్రం ఒకే రోజు కూర్చుని నింపుకోవచ్చు. ఫారం తెలిసినవాళ్లు ఒకరుంటే మిగతావాళ్లకు పని సులువు. ఆధార్, ఫొటో, మీరు వేసిన గుడ్డల ఫొటోలు దగ్గర పెట్టుకుని కూర్చోండి.