పదహారు పేజీల లెక్క: పిల్లల పుస్తకాల మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: పిల్లల కథే కదా, ఒక్క పూటలో రాసేయొచ్చు.

రాయడానికి ఒక పూట చాలొచ్చు. దాన్ని పేజీల్లోకి దింపడానికే వారాలు పడుతుంది. కథ రాసిన మర్నాడు చేయాల్సిన పని ఒకటుంది. నాలుగు ఏ4 కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యకు మడిచి, మడత మీద రెండు పిన్నులు కొట్టండి. 16 పేజీల డమ్మీ, అంటే ఖాళీ నమూనా పుస్తకం, తయారవుతుంది. పెన్సిల్‌తో పేజీ నంబర్లు వేయండి. 1వ పేజీ పుస్తకం పేరుకు పోతుంది. 2-3 నుంచి 14-15 దాకా ఏడు జంట పేజీలు, చివర 16వ పేజీ ఒంటరిగా మిగులుతుంది. ప్రచురణ వివరాలు అట్ట లోపలి వైపు వేసుకున్నా, మీ కథకు దొరికే దృశ్యాలు ఎనిమిదే. 24 పేజీల పుస్తకమైతే ఇదే లెక్కన పదకొండు జంటలు, చివరి పేజీ.

ఈ లెక్క ప్రెస్సు వాళ్లది. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి. మెషీన్ మీద ఒక ఫారానికి, అంటే ఒక పెద్ద షీటుకు, ఎనిమిదో పదహారో ఎక్కుతాయి. కథ 18 పేజీలకు సాగిందంటే 20 పేజీల ఖర్చు పెట్టుకోవాలి, లేదా రెండు పేజీలు కోసేయాలి. కోయడమే మంచిది.

డమ్మీ చేయకుండా పంపిన కథల్లో కనిపించే జబ్బు ఒకటే: ఇద్దరు చెట్టు కింద నిలబడి మాట్లాడుకుంటూనే ఉంటారు. చదవడానికి బాగానే ఉంటుంది. బొమ్మలు వేసేవాళ్లు మాత్రం ఆ ఇద్దరినే, ఆ చెట్టు కిందే, నాలుగుసార్లు వేయాలి.

అపోహ: వర్ణన ఎంత ఉంటే పిల్లలకు అంత బాగా కళ్లకు కడుతుంది.

బొమ్మ లేని కథలో నిజమే. బొమ్మల పుస్తకంలో కళ్లకు కట్టే పని బొమ్మది. ఈ ముక్క చూడండి:

"సాయంత్రం ఆకాశం నిండా నల్లటి మబ్బులు కమ్ముకున్నాయి. ఎర్ర లంగా వేసుకున్న లచ్చి తన తెల్లటి మేకపిల్ల తాడు పట్టుకుని భయంభయంగా ఇంటి వైపు పరుగెత్తసాగింది. ఇంతలో పెద్ద గాలి వీచి చేతిలోని గొడుగు ఎగిరిపోయి చింతచెట్టు కొమ్మకు చిక్కుకుంది."

మబ్బులు, ఎర్ర లంగా, తెల్ల మేకపిల్ల, తాడు, మొహంలో భయం, ఇవన్నీ బొమ్మలోకి వెళ్లిపోతాయి. పేజీ మీద మిగిలేది:

"లచ్చి పరుగెత్తింది. మేకపిల్లా పరుగెత్తింది. గొడుగు?"

పేజీ తిప్పితే: "చింతచెట్టెక్కి కూర్చుంది."

ఆ ప్రశ్న ఎక్కడ పడాలో కూడా లెక్కే. కుడి చేతి పేజీలో, అంటే బేసి నంబరు పేజీ అడుగున పడాలి. ఎడమ పేజీలో పడితే జవాబు పక్కనే కనబడుతుంది, తిప్పడానికి ఇంకేం ఉండదు. మాటల్లో లేని విషయం బొమ్మలో తప్పనిసరిగా ఉండాలంటే ఆ పేజీ పక్కన బ్రాకెట్‌లో ఒక్క వాక్యం రాయండి: (గొడుగు చేతిలోంచి జారుతోంది, లచ్చి చూడలేదు). లంగా రంగూ జడకుచ్చుల డిజైనూ రాసి పెట్టకండి. వాటి సంగతి బొమ్మలు వేసేవాళ్లకు మీకంటే బాగా తెలుసు.

అపోహ: చిన్న పిల్లలకు చిన్న చిన్న మాటలే వాడాలి.

సగం నిజం. పెద్దవాళ్లు చదివితే వినే పుస్తకం వేరు, పిల్లలు తమంతట తాము కూడబలుక్కునే పుస్తకం వేరు. నాలుగేళ్ల పిల్లకు అమ్మమ్మ చదివి వినిపించేటప్పుడు "గుమ్మడికాయంత", "గజగజ వణికిపోయింది" లాంటివి ఎన్నైనా రావచ్చు, ఒత్తులు ఎన్ని ఉన్నా ఇబ్బంది లేదు. నోరు పెద్దవాళ్లది. ఒకటో రెండో తరగతి బిడ్డ సొంతంగా చదవాల్సిన పుస్తకంలో మాత్రం అక్షరాల బరువు చూసుకోవాలి. "తల, జడ, పలక" ముందు వస్తాయి, తర్వాత గుణింతాలు, ఆ తర్వాత "అమ్మ, పిల్లి" లాంటి ద్విత్వాలు, చివరికి "చంద్రుడు, శాస్త్రి" లాంటివి. ప-వ-న, మ-య, ఘ-ఝ దగ్గర పిల్లలు తడబడతారు. మొదటి పుస్తకంలో అలాంటి జంట ఒకే వాక్యంలో పడకుండా చూడొచ్చు.

ఇక్కడే మరో బోల్తా ఉంది. స్థాయిని పదాల సంఖ్యతో కొలిచే అలవాటు ఇంగ్లీషు నుంచి వచ్చింది. ప్రథమ్ బుక్స్ వాళ్ల ఆన్‌లైన్ కథల వేదిక స్టోరీవీవర్‌లో మొదటి స్థాయికి 250 పదాలు, రెండో దానికి 600, మూడో దానికి 1500 హద్దులు. ఇంగ్లీషులో మూడు మాటలయ్యేది తెలుగులో "ఇంట్లో" అని ఒక్క మాటతో సరి. "కూర్చోబెట్టుకుంటున్నాడు" కూడా లెక్కకు ఒక్క పదమే, ఆరేళ్ల బిడ్డకు మాత్రం అదొక కొండ. తెలుగులో చూడాల్సింది పేజీలో అతి పొడవైన మాటలో ఎన్ని అక్షరాలున్నాయన్నది. సొంతంగా చదివే తొలి పుస్తకాల్లో నాలుగు దాటకపోతే మంచిది. "కూర్చోబెట్టుకుంటున్నాడు" బదులు "ఒళ్లో ఉంచాడు".

విదేశాల్లో పెరిగే మన పిల్లలకు ఈ తేడా ఇంకా ఎక్కువ. తెలుగు బాగా అర్థమవుతుంది, అక్షరం మాత్రం నెమ్మది. పదేళ్ల పిల్లకు నచ్చే కథ, ఆరేళ్ల పిల్ల చదవగలిగే మాటల్లో కావాలి. ఇలాంటి పుస్తకాలు తెలుగులో తక్కువ, రాసేవాళ్లకు చోటుంది.

అపోహ: చివర్లో నీతి ఉండాలి.

అక్కర్లేదు. చివరి పేజీ తీసేసి చదివి చూడండి. కథ పూర్తయినట్టే ఉంటే తీసేసిన ఆ పేజీ నీతి పేజీ.

అపోహ: ప్రాస కలిస్తే గేయమైపోతుంది.

"చినుకు చినుకు వాన వచ్చె / పిల్లలందరికీ చాలా నచ్చె". వచ్చె, నచ్చె బాగానే కలిశాయి. పైకి పాడి చూడండి, రెండో పాదం కుంటుతుంది. మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) లెక్కపెడితే కారణం దొరుకుతుంది. మొదటి పాదం చినుకు, చినుకు, వాన, వచ్చె: మూడేసి మాత్రల గణాలు నాలుగు, మొత్తం పన్నెండు. రెండో దానిలో పిల్ల, లంద, రికీ దాకా మూళ్లే నడిచాయి. "చాలా" దగ్గర నాలుగు పడింది, మొత్తం పదహారయింది. "గొడుగు ఏది లచ్చి చెప్పు" అంటే మళ్లీ మూడు, మూడు, మూడు, మూడు. అంత్యప్రాస పోయింది, పాట నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టేది మాత్రకు. ప్రాస కలిస్తే అదనపు లాభం.

అపోహ: శిష్ట భాషలోనే రాయాలి, మాండలికం పిల్లలకు అర్థం కాదు.

పాలమూరు పిల్లాడు "వచ్చిండు" అంటాడు, శ్రీకాకుళం పిల్ల మాట ఇంకో తీరు. ఇవి పుస్తకంలోకి రావాలి. దెబ్బతినేది నిలకడ లేనప్పుడు. కథ చెప్పే గొంతు ఒక పేజీలో "వచ్చాడు" అని, మరో పేజీలో "వచ్చిండు" అంటే కొత్తగా చదివే బిడ్డ రెండూ తప్పేమో అనుకుంటాడు. గొంతు ఏదో తేల్చుకుని చివరిదాకా పట్టుకోండి. అక్షరక్రమమూ అంతే: వెళ్ళి, వెళ్లి రెండూ వాడుకలో ఉన్నాయి, ఒక పుస్తకంలో ఒకటే ఉండాలి. ఇలాంటివి పది మాటలు చీటీ మీద రాసి ప్రూఫు దిద్దేవాళ్లకు ఇస్తే బోలెడు పని తగ్గుతుంది.

అపోహ: ముందు బొమ్మలు వేయించుకుని ప్రచురణకర్త దగ్గరికి వెళ్లాలి.

సొంతంగా అచ్చు వేయించుకునేవాళ్ల సంగతి సరే. ప్రచురణ సంస్థకు పంపేవాళ్లు మాత్రం బొమ్మల మీద డబ్బు పెట్టొద్దు. ఏ కథకు ఎవరు నప్పుతారో వాళ్లే చూసుకుంటారు, బొమ్మలతో వచ్చిన మంచి కథ ఆ బొమ్మల వల్లే తిరిగి వెళ్లొచ్చు. పంపేముందు ఆ సంస్థ పుస్తకాలు కనీసం పది చదవండి. మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్, ఎన్‌బీటీ (నేషనల్ బుక్ ట్రస్ట్) లాంటి సంస్థల్లో ఒక్కొక్కరి తీరు ఒక్కోలా ఉంటుంది. వాటిని వరసగా చూడటానికి డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడది మంచి చోట్లు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా, మంచి పుస్తకం సంస్థ కలిసి పెట్టిన బొమ్మల కథల పోటీల్లాంటివి కొత్తవాళ్లకు మరో దారి. పోటీకి పంపేముందు హక్కుల నిబంధన చదవండి.

అపోహ: కాపీరైట్ రిజిస్టర్ చేయించకపోతే కథ ఎవరైనా కొట్టేస్తారు.

రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కోర్టుకు వెళ్తే సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. ఆలోచన మీద హక్కు ఎవరికీ ఉండదు. దొంగతనం భయం కంటే కాగితం లేకపోవడమే ఎక్కువ నష్టం చేస్తుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని లెక్క. డబ్బిచ్చి వేయించిన పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. అందుకే బొమ్మల విషయంలో ఇద్దరూ మొహమాటపడకుండా ముందే ఒక పేజీ రాసుకోవాలి: ఈ పుస్తకానికేనా, క్యాలెండర్లకూ వీడియోలకూ కూడానా, అసలు బొమ్మ ఎవరి దగ్గర ఉంటుంది.

జానపద కథలు అందరివీ. కానీ ఫలానా రచయిత తిరిగి చెప్పిన తీరు ఆయనది, చనిపోయాక 60 ఏళ్ల దాకా. స్టోరీవీవర్‌లో క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 కింద పెట్టిన కథను ఎవరైనా అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, మీ పేరు చెప్పి అమ్ముకోవచ్చు కూడా. ఆ అనుమతి వెనక్కి తీసుకోవడం కుదరదు. తెలిసి పెడితే మంచి దారే.

అపోహ: ఐఎస్‌బీఎన్‌కు బోలెడు ఖర్చు.

పుస్తకానికి ఇచ్చే ఈ అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య మన దేశంలో ఉచితం. రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ పోర్టల్‌లో రచయిత సొంతంగానూ దరఖాస్తు చేసుకోవచ్చు. "ఇప్పిస్తాం" అని డబ్బు అడిగేవాళ్లకు దండం పెట్టండి. ఒకే కథ తెలుగులో ఒకటి, ద్విభాషా పుస్తకంగా మరొకటి వేస్తే రెండు నంబర్లు కావాలి.

అపోహ: తెరమీద బాగుంటే అచ్చులోనూ బాగుంటుంది.

సొంతంగా వేసుకునేవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. తెర మీద మెరిసే నీలం, చిలకపచ్చ నాలుగు రంగుల ఇంకుల్లోకి వచ్చేసరికి మసకబారతాయి. ఫైలు మొదటినుంచీ సీఎంవైకే, అంటే ఆ నాలుగు ఇంకుల ప్రివ్యూలో చూసుకోవాలి. బొమ్మ అచ్చయ్యే సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, అంచుదాకా వచ్చే బొమ్మ నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, లేకపోతే కటింగ్‌లో తెల్ల గీత మిగులుతుంది. మధ్య మడత మీద మొహం పడకూడదు.

అక్షరాలు నూరు శాతం నలుపు ఒక్కటే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా ఒత్తుల చుట్టూ ఎర్రటి నీలపు నీడలొస్తాయి. అక్షరం నల్ల ప్లేటు మీదే ఉంటే ఇంకో లాభం: రంగుల ప్లేట్లు మూడూ అవే ఉంచి, నల్ల ప్లేటు ఒక్కటి మార్చి, అదే పుస్తకం కన్నడంలోనో ఇంగ్లీషులోనో వేసుకోవచ్చు.

తెలుగు అక్షరం పైన గుడి, కింద ఒత్తు. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. 20 పాయింట్ల అక్షరానికి 30 పాయింట్ల ఎడం ఇస్తే పై ఒత్తు కింది గుడిని తాకదు. యూనికోడ్‌లో టైపు చేసింది అను అనే పాత డీటీపీ ఫాంట్లలోకి మారిస్తే సంయుక్తాక్షరాలు ఎక్కడో ఒకచోట విరుగుతాయి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే ఒత్తులు పక్కకు పడతాయి. చివరి పీడీఎఫ్‌ను కాగితం మీద తీసి, కథ తెలియని మనిషి చేత పైకి చదివించండి. కథ తెలిసినవాళ్ల కంటికి తప్పులు కనబడవు.

అపోహ: వెయ్యి కాపీలు వేస్తే ఖర్చులు పోను ఎంతోకొంత మిగులుతుంది.

ఒక ఊహా లెక్క. ధర 80 రూపాయలు. షాపు, పంపిణీ కలిపి 40 శాతం, అంటే 32 పోతుంది. మిగిలిన 48లోంచి, ధర మీద 10 శాతం రాయల్టీ 8 రూపాయలు, రాసినవాళ్లకూ బొమ్మలవాళ్లకూ చెరి నాలుగు. మిగిలిన 40లో ముద్రణకు 25 పోతే చేతికి 15. బొమ్మల ఖర్చు, రవాణా, చినిగిన కాపీలు అన్నీ అందులోంచే. వెయ్యీ అమ్ముడుపోతే రచయితకు 4000. మొదటి పుస్తకమైతే ముందు డిజిటల్ ప్రింటింగ్‌లో వంద కాపీలు వేయండి. కాపీకి ఖర్చు ఎక్కువే, కానీ 5వ పేజీలో తప్పు దొర్లిందని తెలిసేసరికి మంచం కింద ఇంకా తొమ్మిది వందలు ఉండవు. అచ్చయిన 30 రోజుల్లోపు కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చట్టం చెప్పిన మరో మూడు గ్రంథాలయాలకు తలా ఒక కాపీ పంపాలి. ఆ నాలుగు కాపీలు కూడా లెక్కలో వేసుకోండి.